ఆ పాత బిల్డింగులో ఆమె మాట ఎవరూ వినలేదు

శుక్రవారం రాత్రి. బయట మంచు పడుతోంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలో నాలుగు కుటుంబాలం ఒకే హాల్లో చేరాం. పిల్లల్ని లోపలి గదిలో పడుకోబెట్టాం. ఒకరింటి నుంచి మిరపకాయ బజ్జీలు, ఇంకొకరింటి నుంచి ఫ్లాస్కులో టీ వచ్చాయి. నెలకోసారి ఇలా కూర్చుని సినిమా చూడడం మాకు అలవాటు. మామూలుగా అయితే తెలుగు సినిమానే. ఈసారి మాత్రం ఆడవాళ్లు పట్టుబట్టారు. 'దెయ్యం సినిమా కావాలి, అదీ అపార్ట్‌మెంట్ దెయ్యం అయితే ఇంకా మంచిది' అని.

అలా మా చేతికొచ్చింది 'రోజ్‌మేరీస్ బేబీ'. 1968 నాటి హాలీవుడ్ సినిమా. 'అంత పాతదా? పసిపిల్లలు కూడా భయపడరు' అని మగవాళ్లం నవ్వాం.

రెండుంపావు గంటల పైచిలుకు సినిమా. తెల్ల చీరా లేదు, విరబోసుకున్న జుట్టూ లేదు. తలుపులు వాటంతటవే కొట్టుకోవు. గోడలమీద నెత్తురు కారదు. అయినా గంట గడిచేసరికి బజ్జీల పళ్లెం దగ్గరికి ఒక్క చెయ్యీ వెళ్లలేదు. సినిమా అయ్యాక ఎవరింటికి వాళ్లు వెళ్లాలి కదా! పక్క బ్లాకుకి వెళ్లడానికి కూడా నలుగురం కలిసి నడిచాం.

ఇంతకీ మమ్మల్ని అంత భయపెట్టిందేమిటి? దెయ్యం కాదు. ఇరుగుపొరుగు!

గోడ అవతల ఎవరు?

కథ 1965లో న్యూయార్క్‌లో మొదలవుతుంది. రోజ్‌మేరీ, గై కొత్తగా కాపురం పెట్టిన జంట. ఆయన నటుడు. రెండు మూడు నాటకాలు, కొన్ని టీవీ ప్రకటనలు తప్ప చెప్పుకోదగ్గ అవకాశాలు రాలేదు. ఇద్దరూ ఇల్లు వెతుక్కుంటూ 'బ్రామ్‌ఫోర్డ్' అనే పాతకాలపు అపార్ట్‌మెంట్ భవనానికి వస్తారు. ఎత్తయిన పైకప్పులు, చీకటి వసారాలు, మనిషి నడిపే లిఫ్టు. అంతకుముందు ఆ ఫ్లాట్‌లో ఉన్న ముసలావిడ ఈమధ్యే పోయింది. పోయేముందు ఆమె ఒక బరువైన బీరువాను ఈడ్చుకెళ్లి, ఒక అలమారా తలుపుకి అడ్డంగా పెట్టింది. ఎందుకు పెట్టిందో ఏజెంటుకీ తెలియదు.

ఇల్లు వెతకడమంటే ఏమిటో మనకు కొత్త కాదు. అద్దె ఎంత, స్టేషన్ ఎంత దూరం, పక్కన ఎవరుంటారు? రోజ్‌మేరీకి ఇల్లు నచ్చింది. ఆమె బాగోగులు కోరే హచ్ అనే పెద్దాయన మాత్రం వద్దంటాడు. ఆ భవనంలో వెనకటికి పిల్లల్ని చంపి తిన్న అక్కచెల్లెళ్లు ఉండేవారనీ, మార్కాటో అనే క్షుద్రోపాసకుడు ఉండేవాడనీ చెబుతాడు. కుర్రజంట నవ్వేస్తుంది. ఫ్లాట్ ఖాయం చేసుకుంటుంది.

ఒకప్పుడు అది ఒకే పెద్ద ఇల్లు. తర్వాత రెండు ఫ్లాట్లుగా విడగొట్టారు. మధ్య గోడ పల్చన. రాత్రిపూట అవతల ముసలావిడ మొగుణ్ణి కేకలేయడం ఇవతల మంచం మీదికి వినిపిస్తుంది. మనకూ పైఇంటివాళ్ల అడుగుల చప్పుడు, కిందింటివాళ్ల టీవీ బాగా అలవాటే. ఆ చప్పుళ్లతోనే దర్శకుడు భయం పుట్టించాడు.

ఇంకో చోటుంది, బేస్‌మెంట్‌లో బట్టలుతికే గది. క్వార్టర్ బిళ్లలు లెక్కపెట్టుకుని, బుట్ట చంకన పెట్టుకుని, ఒంటరిగా ఆ మెట్లు దిగినవాళ్లు మనలో ఎంతమంది లేరు? రోజ్‌మేరీకీ ఆ గదంటే భయమే. అక్కడే ఒక అమ్మాయి పరిచయమవుతుంది. రోడ్డున పడ్డ తనని పక్క ఫ్లాట్ ముసలి దంపతులు చేరదీశారని చెబుతుంది. మెళ్లో వెండి గొలుసుకి తాయెత్తులాంటిది వేలాడుతుంటుంది. వాళ్లే ఇచ్చారట. కొద్దిరోజులకే ఆ అమ్మాయి కిటికీలోంచి కిందపడి చనిపోతుంది.

మంచితనమే ఉచ్చు

ఆ దంపతుల పేర్లు మిన్నీ, రోమన్ కాస్టవెట్. ఊళ్లు తిరిగొచ్చిన పెద్దాయన, నోటికి తాళం లేని ముసలమ్మ. ఒకరోజు భోజనానికి పిలుస్తారు. మర్నాడు ముసలమ్మ తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. ఏ వస్తువు ఎంతకు కొన్నారని అడుగుతుంది. చనిపోయిన అమ్మాయి మెళ్లో చూసిన తాయెత్తే ఇప్పుడు రోజ్‌మేరీకి కానుకగా వస్తుంది. మన దగ్గర తాయెత్తంటే రక్ష. ఇక్కడ అది చుట్టూ గీసిన గీత.

అంతలో గై పోగొట్టుకున్న పాత్ర అతనికే దక్కుతుంది. ఆ పాత్ర వచ్చిన నటుడికి ఉన్నట్టుండి కళ్లు పోయాయి మరి! 'ఇక పిల్లల్ని కందాం' అంటాడు గై. ఆ రాత్రే ముసలమ్మ చాక్లెట్ మిఠాయి పంపుతుంది. తింటుంటే సుద్దముక్క రుచి తగులుతోందని రోజ్‌మేరీ అంటుంది. మొగుడు విసుక్కుంటాడు. కొంచెం తిని, మిగతాది చాటుగా పడేస్తుంది. కళ్లు తిరుగుతాయి. ఆపైన వచ్చేది కలో నిజమో తెలియని ఒక పీడకల. పొద్దున లేచి చూస్తే ఒంటిమీద గోళ్ల గీతలు. 'స్పృహ లేకపోయినా మంచిరోజు వదులుకోవడం ఎందుకని...' అంటాడు మొగుడు, నవ్వుతూ. ఆ ఒక్క మాటకే మా హాల్లో ఆడవాళ్లందరూ ఒకేసారి 'ఛీ' అన్నారు.

రోజ్‌మేరీ నెల తప్పుతుంది. ఇక అంతా సంబరమే. ఆమె చూపించుకుంటున్న కుర్ర డాక్టరు వద్దంటారు పక్కింటివాళ్లు. ఊళ్లోకెల్లా పేరున్న డాక్టర్ సాపర్‌స్టీన్ మాకు బాగా కావలసినవాడంటారు. ఫోను చేసి క్షణాల్లో అపాయింట్‌మెంట్ తీసిస్తారు. ఆయనేమో పుస్తకాలు చదవొద్దు, స్నేహితురాళ్ల మాటలు వినొద్దు అంటాడు. మందుబిళ్లల బదులు మిన్నీ ఇంట్లో పెంచే ఆకులతో రోజూ కషాయం చేసిస్తుందని చెబుతాడు.

కడుపునొప్పి మొదలవుతుంది. వారాలు కాదు, నెలలు. మనిషి చిక్కి పుల్లయిపోతుంది. కళ్లు గుంటలు పడతాయి. డాక్టరు రెండ్రోజుల్లో తగ్గిపోతుందంటాడు. మొగుడు, 'అంత పెద్ద డాక్టరు చెప్పాక నీదేమిటి' అంటాడు. పక్కింటావిడ గ్లాసు పట్టుకుని నిలబడి, మొత్తం తాగేదాకా కదలదు.

చూశారా, ఇందులో ఒక్కరూ గట్టిగా అరవరు. ఒక్కరూ చెయ్యెత్తరు. అందరూ ఆమె మంచి కోరేవాళ్లే! డాక్టరును వాళ్లే చూస్తారు, తాగేది వాళ్లే పంపుతారు, ఎవరితో మాట్లాడాలో వాళ్లే చెబుతారు. ఆమె చెయ్యాల్సిందల్లా థాంక్స్ చెప్పడం.

మనకు తెలిసిన భయాలు వేరు

మన తెలుగువాళ్లకు ఈ తరహా కథలు కొత్తేమీ కాదు. యండమూరి 'తులసిదళం' చదివి రాత్రిళ్లు లైటు వేసుకుని పడుకున్న తరం మాది. రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' 1992లో వచ్చింది. 2003లో ఆయనే హిందీలో తీసిన 'భూత్' అచ్చంగా అపార్ట్‌మెంట్ దెయ్యమే. ముంబైలో ఎత్తయిన భవనంలోని ఫ్లాట్‌లో దిగిన జంట కథ. 2009లో మాధవన్ నటించిన '13బి' కొత్త ఫ్లాట్‌లో దిగిన కుటుంబం కథ.

కానీ వాటిల్లో భయం బయటినుంచి వస్తుంది. ఇంట్లోవాళ్లు ఒక పక్క, దెయ్యం ఒక పక్క. చివరికి ఇంట్లోవాళ్లే కాపాడతారు. 'రోజ్‌మేరీస్ బేబీ'లో ఆ ధీమా కూడా ఉండదు. భయం లోపలే ఉంది. వండి పెడుతుంది, పలకరిస్తుంది, పక్కలో పడుకుంటుంది.

తెర వెనక

ఐరా లెవిన్ 1967లో రాసిన నవల దీనికి మూలం. చవక దెయ్యం సినిమాలు తీసి పేరు తెచ్చుకున్న విలియం కాజిల్ ఆ హక్కులు కొన్నాడు. తనే దర్శకత్వం వహించాలనుకున్నాడు. పారమౌంట్ సంస్థ ఆయన్ని నిర్మాతగా ఉంచి, పోలండ్ నుంచి వచ్చిన రోమన్ పొలాన్‌స్కీకి దర్శకత్వం అప్పగించింది. రోజ్‌మేరీగా మియా ఫారో, భర్తగా జాన్ కాసవెటీస్ వేశారు. పక్కింటి ముసలమ్మగా రూత్ గోర్డన్ ఎంత సహజంగా చేసిందంటే, ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ ఆమెకే వచ్చింది. నేపథ్యంలో వినిపించే జోలపాట స్వరం క్రిష్టోఫ్ కొమెడాది, గొంతు మియా ఫారోది.

కెమెరామన్ విలియం ఫ్రేకర్ తర్వాత్తర్వాత ఒక ముచ్చట చెప్పేవాడు. ముసలమ్మ పడకగదిలో ఫోను మాట్లాడే సీన్ ఉంది. ఆయన ఆమె పూర్తిగా కనబడేలా కెమెరా పెట్టాడు. పొలాన్‌స్కీ వద్దని పక్కకి జరిపించాడు. ఇప్పుడు తలుపుచెక్క అడ్డొచ్చి ఆమె సగమే కనిపిస్తుంది. ఎందుకో ఫ్రేకర్‌కి అర్థం కాలేదు. సినిమా ఆడే హాల్లో మాత్రం ఆ సీన్ రాగానే జనమంతా తలుపు అవతలికి చూడాలని తలలు పక్కకి వంచారట! మేమూ వంచాం. పక్కనున్నవాళ్లని చూసుకుని నవ్వుకున్నాం.

కళ్లు పోయిన నటుడికి రోజ్‌మేరీ ఫోను చేసే సీన్ ఇంకొకటి. అవతలి గొంతు ప్రసిద్ధ నటుడు టోనీ కర్టిస్‌ది. ఆ సంగతి మియా ఫారోకి ముందు చెప్పలేదు. ఎక్కడో విన్న గొంతే, ఎవరిదబ్బా అన్న తికమక ఆమె ముఖంలో నిజంగానే కనిపిస్తుంది. నిండు నెలల గర్భిణిలా వేషం వేసుకుని రద్దీ రోడ్డు దాటే సీన్‌లో వచ్చేవి నిజం కార్లే. కెమెరా పట్టుకుని ఆమె వెంట నడిచింది దర్శకుడే.

ఆ షూటింగ్ నడుస్తుండగానే మియా ఫారో సొంత కాపురం కూలిపోయింది. ఆమె భర్త, పేరుమోసిన గాయకుడు ఫ్రాంక్ సినాట్రా, ఈ సినిమా మధ్యలో వదిలేసి తన సినిమాకి రమ్మన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. విడాకుల కాగితాలు సెట్‌కే వచ్చాయి. తెరమీద అందరి మాటా వినే ఆడపిల్ల. తెర వెనక తన పని తాను పూర్తిచేసుకున్న మనిషి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. దర్శకుడు పొలాన్‌స్కీ 1977లో 13 ఏళ్ల బాలిక విషయంలో అరెస్టయ్యాడు. మైనర్‌తో చట్టవిరుద్ధంగా లైంగిక సంబంధం పెట్టుకున్నట్టు కోర్టులో ఒప్పుకున్నాడు. శిక్ష పడకముందే 1978లో అమెరికా వదిలి పారిపోయాడు. ఆడదాని ఒంటిమీద ఆమెకు తెలియకుండా జరిగిన అన్యాయం గురించి తీసిన సినిమా ఇది. అది తీసిన మనిషి చరిత్ర ఇది. మాలో ఇద్దరు ఈ కారణంగానే సినిమా చూడాలా వద్దా అని తటపటాయించారు. వాళ్ల సందేహం న్యాయమైనదే.

ఆ వంటింటి సీన్

సినిమాలో ఒకచోట రోజ్‌మేరీ తన ఈడు స్నేహితుల్ని పార్టీకి పిలుస్తుంది. పక్కింటి ముసలివాళ్లకి పిలుపు లేదు. కొంతసేపటికి ఏడుపు ఆపుకోలేక వంటింట్లోకి వెళుతుంది. ముగ్గురు స్నేహితురాళ్లు లోపలికి వస్తారు. మొగుణ్ణి బయటికి పంపి తలుపేస్తారు. 'ఇన్నాళ్లు నొప్పేమిటి? ఒంట్లో ఏదో సరిగా లేదని చెప్పడమే అది. ఇంకో డాక్టరుకి చూపించుకో' అంటారు. సినిమా మొత్తంలో ఆమె మాటను మాటగా విన్నది ఆ వంటింట్లోనే.

ఆ సీన్ అయిపోగానే మాలో ఒకామె, 'అదింకోసారి వెయ్యండి' అంది. వేశాం. అయ్యాక ఎవరం మాట్లాడలేదు. ఎందుకంటే మా అందరికీ ఒకటే గుర్తుకొచ్చింది.

కొన్నేళ్ల కిందటి మాట. ఆమెకి అప్పుడు ఏడో నెల. మొదటి కాన్పు. వాళ్లమ్మకి ఇంకా వీసా రాలేదు. మేమంతా వంతులేసుకుని వండిపెట్టాం. గుడిలో సీమంతం చేశాం, గాజులు తొడిగాం. మా అంత మంచివాళ్లు లేరని మేమే అనుకున్నాం. ఒకరోజు తలనొప్పిగా ఉందంది. 'నిద్ర చాలకే' అన్నాం. మర్నాడు కూడా ఉందంది. 'కాఫీ మానేశావుగా, అందుకే' అన్నాం. చేతులు, ముఖం వాచాయి. 'నీళ్లు పట్టాయి, అందరికీ వచ్చేదే, మా అక్కకీ ఇంతే' అన్నాం. కళ్ల ముందు మెరుపుల్లా వస్తున్నాయంది. భర్త ఆఫీసు నుంచే డాక్టరు ఆఫీసుకి ఫోను చేశాడు. వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉందిగా అన్నారు. అతనూ సరేనన్నాడు.

ఆ రాత్రి ఆమె ఎవర్నీ అడగలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తావా, క్యాబ్ పిలుచుకోనా అని మొగుణ్ణి నిలదీసింది. వెళ్లారు. బీపీ ప్రమాదం హద్దు దాటి ఉంది. మనవాళ్లు గుర్రపువాతం అంటారే, దాని ముందు దశ. డాక్టర్లు దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ఇంకొక్క రోజు ఆగితే తల్లీ పిల్లా దక్కేవారు కాదేమోనన్నారు. నెలలు నిండకుండానే పాప పుట్టింది. కొన్ని వారాలు అద్దాల పెట్టెలో ఉంది. సినిమా చూసిన రాత్రి లోపలి గదిలో మా పిల్లలతో పాటు నిద్రపోయిన పిల్లల్లో ఆ పాపా ఉంది.

'ఆ వంటింట్లోలా నాకు ఎవరూ చెప్పలేదు. మీరంతా మిన్నీలే' అంది ఆమె, నవ్వుతూనే. మేం నవ్వలేకపోయాం. మేం విషం కలపలేదు. చేసిందంతా ప్రేమతోనే. కానీ ఆమె ఒళ్లు ఏం చెబుతోందో ఆమె కంటే మాకే ఎక్కువ తెలుసనుకున్నాం. అక్కడ మిన్నీ చేసిందీ అదే కదా!

తలుపు తీసిన డాక్టరు

సినిమాలో మమ్మల్ని అన్నిటికంటే వణికించిన సీన్‌లో క్షుద్రోపాసకుడు లేడు, ముసలమ్మ లేదు. మండే ఎండలో, నిండు నెలలతో రోజ్‌మేరీ పారిపోయి మొదట చూపించుకున్న కుర్ర డాక్టరు దగ్గరికి వస్తుంది. తను అనుమానించినదంతా పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆయన శ్రద్ధగా వింటాడు. కాగితంమీద రాసుకుంటాడు. లోపలి గదిలో పడుకోమంటాడు. ఆమె ముఖంలో ఎన్నాళ్లకో మొదటిసారి ప్రశాంతత. కళ్లు మూసుకుంటుంది.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో సాపర్‌స్టీన్, మొగుడు. ఆ కుర్ర డాక్టరే పిలిచాడు! ఆయన చెడ్డవాడు కాదు. 'పాపం, పిచ్చిపిల్ల, మతి చలించింది' అనుకున్నాడు. పెద్ద డాక్టరు మాట, మొగుడి మాట ఉండగా ఆమె మాటెందుకు నమ్మాలి?

ఆ తర్వాత ఏమవుతుందో, ఆ నల్లటి ఉయ్యాల దగ్గర ఏం జరుగుతుందో మేం చెప్పం. చూడనివాళ్లు చూడాలి. ఒక్కటి మాత్రం చెబుతాం. ఇదంతా నిజంగా జరిగిందా, ఒంటరితనంలో ఆమె ఊహించుకుందా అన్న అనుమానం చివరి నిమిషాలదాకా వదలదు. ఒకవేళ ఊహే అయినా, ఆమె నొప్పి అబద్ధమా?

1968లో అమెరికా ప్రేక్షకులకి ఇది మరీ తగిలి ఉంటుంది. అప్పటికి కొన్నేళ్ల ముందే గర్భిణులకి వేవిళ్లకి ప్రమాదం లేని మందని ఐరోపాలో ఇచ్చిన థాలిడోమైడ్ వల్ల వేల మంది పిల్లలు అవయవలోపాలతో పుట్టారు. 1961 చివర్లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయడం మొదలైంది. 'డాక్టరుగారు ఇచ్చారు, తాగు' అన్న మాటమీద నమ్మకం అప్పటికే బీటలు వారింది.

డకోటా ముందు ఒక మధ్యాహ్నం

తర్వాతి ఆదివారం ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగాం. అక్కడినుంచి 'సి' సబ్‌వేలో 72వ వీధి. మెట్లెక్కి పైకి రాగానే ఎదురుగా అదే భవనం. సినిమాలో బ్రామ్‌ఫోర్డ్‌గా చూపించింది దీన్నే. అసలు పేరు డకోటా. లోపలి గదులన్నీ హాలీవుడ్ స్టూడియోలో వేసిన సెట్లు. బయటి గోడలు, ఆ కమాను, లోపలి ఆవరణ ఇక్కడివి.

కుట్టుమిషన్ల సింగర్ కంపెనీలో భాగస్తుడైన ఎడ్వర్డ్ క్లార్క్ దీన్ని కట్టించాడు. మన ఊళ్లలో అమ్మమ్మలు తొక్కిన సింగర్ మిషను డబ్బే అనుకోండి! 1880లో పని మొదలై 1884లో పూర్తయింది. పూర్తవడం చూడకుండానే క్లార్క్ 1882లో కన్నుమూశాడు. శిల్పి హెన్రీ హార్డెన్‌బర్గ్. ప్లాజా హోటల్ కట్టింది కూడా ఆయనే. ఉన్నవాళ్లంటే సొంత ఇళ్లలోనే ఉండాలనుకునే రోజుల్లో, వాళ్లని ఒకే కప్పు కిందికి తెచ్చిన తొలి అపార్ట్‌మెంట్లలో ఇదొకటి. 1969లో నగరం దీన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించింది.

కమాను దగ్గర జనం గుమిగూడి ఫొటోలు దిగుతున్నారు. వాళ్లలో చాలామంది సినిమా కోసం రాలేదు. 1980 డిసెంబర్ 8 రాత్రి గాయకుడు జాన్ లెనన్‌ని కాల్చి చంపింది ఈ గుమ్మంలోనే. రోడ్డు దాటితే సెంట్రల్ పార్కులో ఆయన జ్ఞాపకంగా ఏర్పాటుచేసిన 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్' ఉంది.

అందుకే 'ఈ సినిమాకి శాపం ఉంది' అనేవాళ్లున్నారు. సంగీత దర్శకుడు కొమెడా తలకు దెబ్బతగిలి 1969 ఏప్రిల్‌లో చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో పొలాన్‌స్కీ భార్య, నటి షారన్ టేట్‌ని చార్లెస్ మాన్సన్ ముఠా హత్య చేసింది. అప్పటికామె నిండు గర్భిణి. మేమైతే శాపాన్ని నమ్మం. లెనన్‌నీ టేట్‌నీ చంపింది మనుషులు. దాన్ని దెయ్యం ఖాతాలో రాస్తే చేసినవాళ్ల తప్పు చిన్నదైపోతుంది.

బిల్డింగు వైపు చాలాసేపు చూశాం. నిజం చెప్పాలంటే పగటిపూట అది అందంగా ఉంది. కిటికీల్లో పూలకుండీలు, గుమ్మంలో యూనిఫాం వేసుకున్న కాపలాదారు. పాత బిల్డింగుకి పాపం ఏం తెలుసు! భయపెట్టేవాళ్లు మనుషులే, భయం తీర్చేవాళ్లూ మనుషులే.

మేం మార్చుకున్నవి

ఈ దేశంలో మన ఆడపిల్లల పరిస్థితి ఒకసారి చూడండి. భర్త ఉద్యోగంమీద వచ్చిన భార్యలకి, అంటే హెచ్-4 వీసాలవాళ్లకి, 2015 మే వరకు పనిచేసే అనుమతే లేదు. ఆ తర్వాత కూడా కొందరికే దొరికింది. కొత్త ఊరు, చేతిలో కారుండదు, ఇన్సూరెన్సు మొగుడి పేరుమీద, డాక్టరు దగ్గర ఇంగ్లీషులో మాట్లాడేదీ మొగుడే. అందరూ మంచివాళ్లే అయినా, ఆమె గొంతు వినపడేది ఎక్కడ?

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2020లో 'హియర్ హర్' అని ఒక ప్రచారం మొదలుపెట్టింది. గర్భిణి, బాలింత చెప్పేది వినండి అన్నదే దాని సారాంశం. గర్భం కారణంగా జరిగే మరణాల్లో ప్రతి అయిదింటిలో నాలుగు ఆపగలిగినవేనని ఆ సంస్థ 2022లో వెల్లడించింది. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు బాగా వాయడం, ఊపిరాడకపోవడం, గుండెలో నొప్పి, విపరీతమైన కడుపునొప్పి, రక్తస్రావం, జ్వరం, కడుపులో బిడ్డ కదలికలు తగ్గడం. వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. వెంటనే డాక్టరుకి చెప్పాలి, అందకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. కాన్పయ్యాక ఏడాది వరకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు దుబాసీ కావాలని అడగొచ్చు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఆ సాయం ఉచితంగా ఇవ్వాలి. చాలాచోట్ల ఫోన్లోనే దొరుకుతుంది.

మేం కూడా మా అపార్ట్‌మెంట్లలో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. నెల తప్పిన ఏ అమ్మాయింటికైనా పులిహోర, గోంగూర పచ్చడి ఎప్పట్లాగే వెళతాయి. కుంకుమపువ్వు కూడా వెళుతుంది. ఆ మర్యాదలు మానుకోం. కానీ వెళ్లినవాళ్లు ముందు 'ఎలా ఉంది?' అని అడగాలి. జవాబు చెబుతుంటే మధ్యలో 'మా అక్కకీ ఇంతే' అనకూడదు. ఏదైనా బాగోలేదంటే, ఎంత రాత్రయినా కారు తియ్యడానికి ఇద్దరి పేర్లు ఫ్రిజ్‌మీద రాసి అంటిస్తున్నాం.

మొన్న కింది బ్లాకులోకి ఒక కొత్త జంట వచ్చింది. విజయనగరం వాళ్లు. అమ్మాయికి అయిదో నెల. మాలో ఒకామె క్యారియర్ పట్టుకుని వెళ్లింది, అదే, ఆ రాత్రి సీన్ మళ్లీ వెయ్యమన్నామె. వెళ్లి చాలాసేపయినా రాలేదు. తిరిగొచ్చాక ఏం చెప్పి వచ్చావని అడిగాం.

'ఏం చెప్పలేదు. ఆ అమ్మాయే చెప్పింది, నేను విన్నాను' అంది.